తిరుమల కొండ, పులికాట్ గుల్లలు: సముద్రం ఎక్కడిదాకా వచ్చిందో ఎలా తెలుస్తుంది?



మన తిరుపతి వైపు తరచూ వినిపించే మాట ఒకటుంది. "తిరుమల కొండ ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేది. అంటే సముద్రం అంత ఎత్తుకు వచ్చిందన్నమాట." చెప్పేవాళ్లు చాలా నమ్మకంగా చెబుతారు, వినేవాళ్లు తలూపుతారు. ఇందులో మొదటి సగం నిజానికి దగ్గరగానే ఉంది. రెండో సగమే తప్పు. ఆ తప్పు ఎక్కడ జరుగుతోందో అర్థమైతే, సముద్రమట్టం గతంలో ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అనేది శాస్త్రవేత్తలు ఎలా లెక్కగడతారో కూడా అర్థమవుతుంది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఇవాళ భూమ్మీద ఉన్న మంచు మొత్తం, అంటార్కిటికా, గ్రీన్‌లాండ్ అంతా కరిగిపోయిందనుకోండి. సముద్రం పెరిగేది సుమారు 65 నుంచి 70 మీటర్లు. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. ఆ నీళ్లు కొండెక్కడం సంగతి పక్కన పెట్టండి, అలిపిరి దాకా కూడా రావు. మరి కొండ రాయిలో నీటి గుర్తులు ఎలా వచ్చాయి? అక్కడికి చివర్లో వద్దాం. దానికంటే ముందు మన ఇళ్లలోనే ఉన్న ఒక వస్తువు దగ్గర మొదలుపెడదాం.

సాలగ్రామం. మన దగ్గర చాలా పూజగదుల్లో ఉంటుంది. నల్లటి గుండ్రాయి, లోపల చక్రం. ఈ రాళ్లు నేపాల్‌లో ముక్తినాథ్ దగ్గర, గండకీ నదిలో దొరుకుతాయి. ఆ చక్రం అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల తాలూకు ముద్ర. ఆక్టోపస్, స్క్విడ్‌లకు దూరపు చుట్టం అనుకోండి. అమ్మోనైట్లు సముద్రంలో తప్ప ఇంకెక్కడా బతకలేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లతో పాటే అంతరించిపోయాయి. సాలగ్రామాల్లో ఉన్నవి ఇంకా పాతవి, పదిహేను కోట్ల ఏళ్లకు అటూ ఇటూ.

ఇప్పుడు చూడండి. సముద్రజీవి హిమాలయాల్లో దొరికింది. అంటే సముద్రం హిమాలయాల ఎత్తుకు వచ్చిందా? రాలేదు. అప్పుడు అక్కడ టెథిస్ అనే సముద్రం ఉండేది. ఆ తర్వాత మన భారత భూఖండం ఉత్తరానికి జరిగి ఆసియాను గుద్దుకుంది. సముద్రం అడుగున ఉన్న బురద రాయై, మడతలు పడి, పైకి లేచింది. ఎక్కింది నీళ్లు కాదండీ, నేల. కాబట్టి మొదటి నియమం ఇది: శిలాజం ఇవాళ ఎంత ఎత్తులో దొరికింది అన్నది, సముద్రం అప్పుడు ఎంత ఎత్తులో ఉంది అన్నదానికి జవాబు కాదు. నేల కదిలిందా లేదా అనే లెక్క తీసేశాకే సముద్రం లెక్క మొదలవుతుంది.

సాలగ్రామం ఇంకో పాఠం కూడా చెబుతుంది. అమ్మోనైట్ గుల్ల లోపల గదులుంటాయి, వాటిలో గాలి నిండి ఉంటుంది. దాని బంధువు నాటిలస్ ఇవాళ్టికీ బతికే ఉంది. అది చచ్చిపోయాక దాని ఖాళీ గుల్ల నీళ్ల మీద తేలుతూ, బతికున్న నాటిలస్ ఒక్కటి కూడా లేని తీరాలకు కొట్టుకుపోతుంది. అమ్మోనైట్లకూ ఇలాంటి ప్రయాణం సాధ్యమే. అంటే అమ్మోనైట్ దొరికితే "ఇక్కడికి సముద్రపు నీళ్లు వచ్చాయి" అని చెప్పొచ్చు. "ఇక్కడ ఇన్ని మీటర్ల లోతు ఉంది" అని మాత్రం ఆ ఒక్కదాన్ని చూసి చెప్పలేం.

అందుకే సముద్రమట్టం లెక్కలో "ఏ జీవి?" అనే ప్రశ్న సగమే. మిగతా సగం "ఆ జీవి చచ్చిపోయాక దానికి ఏం జరిగింది? ఎలా పూడింది? ఎలా మిగిలింది?" అనేది. ఈ రెండో ప్రశ్నకు ప్రత్యేకంగా ఒక శాస్త్రమే ఉంది, పేరు టాఫానమీ. 1940లో ఇవాన్ యెఫ్రెమోవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. గ్రీకులో టాఫోస్ అంటే సమాధి. ఈయన సైన్స్ ఫిక్షన్ నవలలు కూడా రాశాడు, అది వేరే ఎపిసోడ్ అవుతుంది.

దీన్ని ఊరికే సిద్ధాంతంగా చెప్పుకుంటే ఎక్కదు. మన జిల్లాలోనే చూద్దాం. 2022లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కదా. అంటే పులికాట్ సరస్సులో పెద్ద భాగం ఇప్పుడు మన జిల్లాదే. దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి, ముఖద్వారాల నుంచి సముద్రపు నీళ్లు వస్తాయి. మధ్యలో అడ్డుగోడలాగా శ్రీహరికోట దీవి. రాకెట్ లాంచ్ చూడ్డానికి పోయినవాళ్లు ఆ సరస్సు మధ్య రోడ్డు మీదుగానే పోయుంటారు.

ఈ సరస్సు అడుగున, చుట్టుపక్కల నేలలో పాత గుల్లల పొరలున్నాయి. అది స్థానికులకు తరతరాలుగా తెలిసిన సంగతే. గుల్ల సున్నం అనే మాట వినే ఉంటారు. గుల్లలు కాల్చి చేసిన సున్నం. పాత ఇళ్ల గోడలకు ఆ నునుపు, ఆ మెరుపు దానివల్లే వచ్చేవి. ఆ గుల్లల్లో కొన్ని నిన్నమొన్నటివి, కొన్ని వేల ఏళ్ల నాటివి.

వేల ఏళ్ల నాటి గుల్ల ఒకటి మీ చేతికి దొరికిందనుకోండి. "ఇక్కడ సముద్రం ఉండేది" అని వెంటనే అనేయొచ్చా? ఆగండి. ఆ గుల్లను కాకి తెచ్చి పడేసి ఉండొచ్చు. పాతకాలం మనుషులు మాంసం తిని పారేసి ఉండొచ్చు. తుఫాను ఉప్పెనలో కొట్టుకొచ్చి ఉండొచ్చు. 2004 సునామీ మన తీరంలో గుల్లలనూ ఇసుకనూ లోపలికి ఎత్తి పోసింది, అంతమాత్రాన సముద్రమట్టం పెరిగినట్టు కాదు కదా. మరి ఏ గుల్లను నమ్మాలి?

గుల్లను ఒక సాక్షిలాగా నాలుగు ప్రశ్నలు అడుగుతారు.

మొదటిది: రెండు చిప్పలూ కలిసే ఉన్నాయా? ఆలిచిప్ప లాంటి జీవికి రెండు చిప్పలుంటాయి. బతికున్నప్పుడు కండరం వాటిని మూసి పట్టుకుంటుంది. చచ్చాక కండరం వదిలేస్తుంది, చిప్పలు తెరుచుకుంటాయి, కొద్ది రోజుల్లో, వారాల్లో విడిపోయి తలో దిక్కుకు పోతాయి. వేల ఏళ్ల తర్వాత కూడా రెండూ మూసుకునే దొరికాయంటే, ఆ జీవి ఉన్నచోటనే, బతికుండగానో చచ్చిన వెంటనేనో బురదలో పూడిపోయిందని అర్థం. దూరం నుంచి కొట్టుకొచ్చింది అయ్యుండదు.

రెండోది: ఎలా పడి ఉంది? నీటి ప్రవాహం, అలలు ఉన్నచోట విడి చిప్ప బోర్లా పడుతుంది. దొప్పను బోర్లిస్తే నీళ్లు దాని మీదుగా జారిపోతాయి, కదలదు. కదలని నీళ్లలో నెమ్మదిగా అడుగుకు దిగిన చిప్ప వెల్లకిలా పడుతుంది. ఒక పొరలో వందల చిప్పలు బోర్లా ఉంటే అక్కడ అలలు ఆడాయి. ఇక ఆయిస్టర్ అయితే ఇంకా మంచి సాక్షి. అది ఏదో ఒక గట్టి దాన్ని అతుక్కుని, ఒకదాని మీద ఒకటి గుంపుగా పెరుగుతుంది. ఆ గుంపు గుంపుగానే, నిలువుగానే దొరికితే, అది పుట్టిన చోటే దొరికింది అన్నమాట.

మూడోది: ఎంత అరిగింది? ఒడ్డున అలల్లో దొర్లిన గుల్ల అంచులు నున్నగా అయిపోతాయి, గీతలు మాసిపోతాయి. బురదలో కుదురుగా ఉన్నదాని గీతలు నిన్న గీసినట్టుంటాయి.

నాలుగోది నాకు బాగా నచ్చిన ప్రశ్న: గుల్ల లోపలి వైపు ఎవరైనా కాపురం పెట్టారా? కొన్ని పురుగులు, స్పాంజీలు గుల్లలకు బొక్కలు పెడతాయి. బార్నకిల్స్ లాంటివి పైన అతుక్కుంటాయి. బయటి వైపు ఉంటే వింత లేదు, జీవి బతికున్నప్పుడే చేసి ఉండొచ్చు. లోపలి వైపు ఉన్నాయంటే మాత్రం, ఆ జీవి చచ్చి, చిప్ప తెరుచుకుని, చాలాకాలం పూడకుండా సముద్రం అడుగున పడి ఉంది. అంటే ఆ రోజుల్లో అక్కడ మేట వేయడం బాగా నెమ్మదించింది. సముద్రం లోపలికి తోసుకొచ్చినప్పుడు నదులు తెచ్చే మట్టి వెనకే ఆగిపోతుంది, ముందు భాగానికి మట్టి అందదు. అప్పుడు ఇలాంటి చిల్లులు పడ్డ, అతుకులు పడ్డ గుల్లలు ఒకేచోట దట్టంగా పేరుకుంటాయి. ప్రపంచంలో చాలాచోట్ల సముద్రం ముందుకొచ్చిన దశను ఇలాంటి పొరలతో గుర్తిస్తారు.

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వచ్చాకే ఎత్తు లెక్క. ఒక ఉదాహరణ తీసుకుందాం, అంకెలు అర్థం కావడానికి మాత్రమే. పులికాట్‌లో పెరిగే ఆయిస్టర్, క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్, ఆటుపోట్లు తాకే మేరలోనూ దానికి కొంచెం కింద లోతు తక్కువ నీళ్లలోనూ బతుకుతుంది. మన తీరంలో ఆటుకూ పోటుకూ తేడా సుమారు ఒక మీటరు. పెరిగిన చోటే నిలబడి ఉన్న ఆయిస్టర్ గుంపు ఇవాళ్టి సముద్రమట్టానికి రెండు మీటర్ల పైన దొరికితే, నేల లేవలేదని తేలితే, అప్పటి సముద్రం కనీసం ఆ దరిదాపుల్లో ఉండాలి. తప్పు జరిగినా మీటరో రెండు మీటర్లో. అదే రెండు మీటర్ల పైన అరిగిపోయిన విడి చిప్ప దొరికితే? ఉప్పెన దాన్ని ఎక్కడికైనా మోసుకెళ్లగలదు, లెక్క చెప్పలేం. జీవి అదే, దొరికిన ఎత్తు అదే, కాకపోతే మొదటిది కొలబద్ద, రెండోది వదంతి. తేడా అంతా అది మిగిలిన తీరులోనే ఉంది.

వయసు కార్బన్-14తో తేలుస్తారు. గుల్లలో కార్బన్ ఉంటుంది కదా. అందులో రేడియోధార్మిక కార్బన్ 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఒక చిన్న చిక్కుంది. సముద్రపు నీళ్లలో పాత కార్బన్ కలిసి ఉంటుంది కాబట్టి సముద్రపు గుల్ల నిజం వయసుకంటే సుమారు 400 ఏళ్లు ముసలిదిలా కనిపిస్తుంది. ఆ లెక్క సరిచేయాలి.

ఇలా చేసుకుంటూ పోతే కథ ఏమని తేలింది? సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు, ప్రపంచమంతటా సముద్రం ఇవాళ్టికంటే సుమారు 120 మీటర్లు కింద ఉంది. అప్పుడు పులికాట్ లేదు, శ్రీహరికోట ఒడ్డూ లేదు. తీరం పదుల కిలోమీటర్లు తూర్పుకు ఉండేది. మంచు కరిగింది, సముద్రం పెరిగింది. 6, 7 వేల ఏళ్ల కిందటికి మన వైపు సముద్రం ఇవాళ్టి ఒడ్డు దాటి లోపలికి వచ్చింది. ఆ తర్వాత కొంచెం వెనక్కి తగ్గింది. ఇసుక దిబ్బలు వరసలుగా పేరుకున్నాయి, శ్రీహరికోట గోడలా నిలబడింది, వెనక చిక్కుకున్న నీళ్లే పులికాట్ అయ్యాయి. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ పరిశోధకులు ఈ సరస్సు మీద చేసిన పని 2000లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. ఇటువంటి పనిలో బురదలో మిగిలిన పుప్పొడి కూడా ఒక సాక్షి. మడ చెట్టు ఆటుపోట్లు తాకే చోటే పెరుగుతుంది. దాని పుప్పొడి గాలి తగలని బురదలో వేల ఏళ్లు చెక్కుచెదరదు. అదే బురద ఎండి గాలి తగిలిందా, పాడైపోతుంది. అంటే పుప్పొడి ఉండటమే కాదు, పాడైపోవడం కూడా సమాచారమే.

ఇది ఒక్క పులికాట్ కథ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు కృష్ణా, గోదావరి డెల్టాల్లో సముద్రానికి దూరంగా, లోపల ఉన్న పాత ఇసుక దిబ్బల వరసలను మ్యాప్ చేశారు. కొల్లేరు దగ్గరి దిబ్బలూ వాటిలోవే. ఒకప్పటి ఒడ్డు అక్కడుండేది.

మంచు కరగడం ఆగిపోయాక సముద్రం ఎందుకు తగ్గింది అంటారా? మంచి ప్రశ్న. లక్షల కోట్ల టన్నుల మంచు ఉత్తరాన నేలను అణగదొక్కింది. బరువు పోయాక ఆ నేల మెల్లగా లేవడం, చుట్టూ ఉబ్బిన సముద్రం అడుగు మెల్లగా కుంగడం మొదలైంది. కుంగిన చోటికి నీళ్లు పోయాయి. దాంతో మనలాంటి దూరపు తీరాల్లో మట్టం కొంచెం తగ్గింది. అంటే కెనడా మంచు కథ సూళ్లూరుపేట బురదలో రాసి ఉంది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పులికాట్‌లో ఒక పొర దాకా ఆయిస్టర్లు ఉండి, ఆ పైన మాయమైతే, సముద్రం తగ్గిందని అనుకోవాలా? తప్పనిసరి కాదు. ముఖద్వారం ఇసుకతో పూడిపోయినా అవి చస్తాయి. రాయదొరువు ముఖద్వారం పూడిపోతోందని మత్స్యకారులు ఎన్నేళ్లుగా మొరపెట్టుకుంటున్నారో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఇవాళ సముద్రం పెరుగుతోంది, అయినా ముఖద్వారం మూసుకుపోతే సరస్సులో ఉప్పు లెక్క తారుమారవుతుంది. వెయ్యేళ్ల తర్వాత ఎవరో తవ్వి, గుల్లలు మాయమయ్యాయని చూసి, 21వ శతాబ్దంలో సముద్రం తగ్గిందని రాస్తే ఎలా ఉంటుంది?

మళ్లీ గుల్ల మిగిలిన తీరే ఆదుకుంటుంది. ముఖద్వారం మూసుకుని చచ్చినవైతే, ఉన్నచోటే, అరగకుండా, మెత్తటి బురద కింద ఉంటాయి. పైన వేరే రకం నీళ్లకు అలవాటుపడ్డ జీవులు కనిపిస్తాయి. సముద్రం నిజంగా తగ్గి నేల బయటపడితే, గుల్లలు ఎండకు వానకు పొడిబారి ఉంటాయి, పైన మట్టి, వేళ్ల జాడలు ఉంటాయి, పుప్పొడి పాడై ఉంటుంది. రెండు చావులకూ పోస్ట్‌మార్టం రిపోర్టులు వేరు.

ఇప్పుడు వేల ఏళ్ల నుంచి కోట్ల ఏళ్లకు వెళ్దాం. దూరం ఎక్కువ లేదు. తడ నుంచి పడమరగా శ్రీసిటీ దాటి పోతే సత్యవేడు. అక్కడి ఎర్రటి ఇసుకరాళ్లు, గులకరాళ్లు అతుక్కుని గట్టిపడ్డ రాళ్లు పది కోట్ల ఏళ్లకు పైబడ్డవి, క్రెటేషియస్ యుగం మొదటి భాగానివి. 1863లో పల్లావరంలో రాతి గొడ్డలి కనుక్కున్న రాబర్ట్ బ్రూస్ ఫూట్ గుర్తున్నాడా? ఆయనే 1870ల నాటికి ఈ ప్రాంతం రాళ్లను పరిశీలించి, సత్యవేడు పేరుతో ఒక రాతి సమూహాన్నీ, దక్షిణాన శ్రీపెరంబుదూరు పేరుతో ఇంకోదాన్నీ గుర్తించాడు. జియాలజీ పుస్తకాల్లో ఇవాళ్టికీ అవే పేర్లు.

ఈ రాళ్లలో టిలోఫిల్లమ్ అనే మొక్క ఆకుల ముద్రలు పేరుమోసినవి. ఈతాకు లాగా, నడిమి ఈనెకు రెండు వైపులా సన్నటి రెమ్మలు. ఆకు ఎంత సున్నితమైందో ఆలోచించండి. చెట్టు కింద రాలిన ఆకు కొన్ని వారాల్లో కుళ్లిపోతుంది. ఏట్లో కొట్టుకుపోతే చిరిగిపోతుంది. మెత్తటి మట్టిలో, గాలి ఆడనిచోట, త్వరగా పూడితేనే ముద్ర మిగులుతుంది. గులకరాళ్లు దొర్లే ఉరవడి ఏట్లో నిండాకు మిగలదు. కాబట్టి ఆకు నిండుగా ఉందా, పీలికలుగా ఉందా అనేది చూస్తే ఆ నీళ్లు ఎంత ఉరవడిగా ఉన్నాయో తెలుస్తుంది.

శ్రీపెరంబుదూరు మట్టిరాళ్లలో ఒక చిత్రం ఉంది. ఈ మొక్కల శిలాజాలూ, సముద్రపు అమ్మోనైట్లూ ఒకే వరస రాళ్లలో దొరుకుతాయి. ఇది ఊరా, సముద్రమా? ఇక్కడ ఒక సూటి తర్కం ఉంది. ఆకు ఏట్లో పడి సముద్రం దాకా పోగలదు. అమ్మోనైట్ ఏటికి ఎదురెక్కి అడవికి రాలేదు. రెండూ కలిసి ఉన్నాయంటే సముద్రం అక్కడికి వచ్చింది, అడవి దగ్గర్లోనే ఉంది. ఒడ్డు ఎంతో దూరం లేదు. అంటే తీరరేఖ ఆ కాలంలో ఇవాళ్టి చెన్నై ఒడ్డుకు పడమరగా ఉంది.

ఇక్కడే కంటికి కనపడని ఇంకో సాక్షి కూడా ఉంది. ఫొరామినిఫెరా. ఒకే కణం ఉన్న జీవులు, చాలావరకు ఇసుక రేణువంత. వీటిలో కొన్ని సున్నంతో గుల్ల కట్టుకుంటాయి. కొన్ని ఇసుక రేణువులు ఏరి అతికించుకుని కట్టుకుంటాయి. మన తూర్పు తీరంలో ఈ కాలపు రాళ్లలో ఎక్కువగా దొరికేవి ఇసుక గుల్లలవే. సున్నపు గుల్లలవి అసలు లేవనా, ఉండి కరిగిపోయాయనా? ఆమ్లం ఉన్న బురదలో సున్నం కరిగిపోతుంది, ఇసుక మిగులుతుంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు లాగ్ ఫైల్ చదివేవాళ్లం. లాగ్‌లో ఒక లైన్ లేదంటే ఆ పని జరగలేదని కాదు, రాసుకోలేదేమో అని ముందు చూడాలి. రాయి కూడా అంతే. ఏది రాసుకోగలదో, ఏది చెరిపేస్తుందో తెలియకుండా దాన్ని చదవకూడదు.

అన్నట్టు, జియాలజీ పుస్తకాల్లో "తిరుపతి ఇసుకరాయి" అని ఒకటి కనిపిస్తుంది. చూడగానే మన తిరుపతే అనుకుంటాం. అది ద్వారకా తిరుమల, అంటే చిన తిరుపతి పేరు మీద వచ్చింది. అక్కడ కింద గొల్లపల్లి ఇసుకరాయి, మధ్యలో రాఘవాపురం మట్టిరాయి, పైన తిరుపతి ఇసుకరాయి. రాఘవాపురం మట్టిరాయిలో అమ్మోనైట్లున్నాయి. ఇసుక, మెత్తటి మట్టి, మళ్లీ ఇసుక: ఒడ్డు లోపలికి జరిగి, నీళ్లు లోతై, మళ్లీ వెనక్కి పోయిన జాడ.

సాలగ్రామం దగ్గర అనుకున్న నియమం గుర్తుంది కదా? నీళ్లు పెరిగాయా, నేల కుంగిందా? ఆ కాలంలో భారత్ అంటార్కిటికా నుంచి విడిపోతోంది. మన తూర్పు తీరం అప్పుడే పుట్టింది, కుంగుతోంది. కాబట్టి సత్యవేడు, రాఘవాపురం ఒక్కటే చూసి ప్రపంచ సముద్రం పెరిగిందని అనలేం. అదే వయసు పొరలు వేరే ఖండాల్లోనూ అదే కథ చెబితే అప్పుడు అనొచ్చు. క్రెటేషియస్‌లో సముద్రాలు ప్రపంచమంతటా బాగా ఎత్తున ఉన్నాయని అలా ఖండాల సాక్ష్యం కలిపి చూసే తేల్చారు.

ఇక తిరుమల కొండ. ఘాట్ రోడ్డులో మీరు చూసే ఎర్రటి క్వార్ట్జైట్ రాయి వంద కోట్ల ఏళ్లకంటే చాలా పాతది. దాని కింద ఇంకా పాత గ్రానైట్. రెండిటి మధ్య కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతు. ఆ హద్దునూ, శిలాతోరణాన్నీ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా గుర్తించింది. ఈ క్వార్ట్జైట్ ఒకప్పుడు లోతు తక్కువ నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక. అందుకే మొదట్లో అన్నాను, ఆ మాటలో మొదటి సగం నిజానికి దగ్గరని. నీళ్లున్నాయి. తర్వాత నేల మడతపడి, లేచి, కోతకు గురై కొండైంది. నీళ్లు 850 మీటర్లు ఎక్కలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ రాయి ఏర్పడేనాటికి గుల్లలున్న జీవులే పుట్టలేదు. గుల్లలు, చిప్పలు భూమ్మీదకు వచ్చింది సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట. కాబట్టి "తిరుమల రాయిలో దొరికిన గవ్వ" అని ఎవరైనా చూపిస్తే ఆ గవ్వ బజారు నుంచి వచ్చింది. ఆ కాలపు జీవం చూడాలంటే కడప జిల్లాకు పోవాలి. వేంపల్లె సున్నపురాళ్లలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టిన గుట్టలు. అవి కదల్లేవు, కొట్టుకుపోలేవు, వెలుతురు అందే లోతులోనే పెరుగుతాయి. గుల్ల లేని కాలంలో ఇంతకంటే మంచి సాక్షి దొరకదు.

సరే, ఇదంతా తెలిసి మనకేంటి?

సముద్రం ఇప్పుడూ పెరుగుతోంది. ఐపీసీసీ లెక్క ప్రకారం 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 మధ్య వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. పులికాట్ చుట్టూ నేల బల్లపరుపుగా ఉంటుంది. అలాంటి నేల మీద నిలువున ఒక అడుగు పెరిగితే అడ్డంగా నీళ్లు ఎంత దూరం పారతాయో రైతుకు చెప్పక్కర్లేదు. గతంలో సముద్రం ఒక మెట్టు పెరిగినప్పుడు ఎక్కడిదాకా వచ్చింది, అప్పుడు ఇసుక గోడ నిలిచిందా, తెగిందా అనేదానికి ఆ నేలలోని గుల్లలే రికార్డు. రేపటికి ప్లాన్ వేసుకునేవాళ్లకు అది కావాలి.

ఆ రికార్డు పోతోంది. సున్నానికి గుల్లలు తవ్వుతారు. రొయ్యల గుంటలకు, పునాదులకు జేసీబీ దిగుతుంది. తవ్వేవాళ్లను తిట్టడానికి చెప్పట్లేదు, అది వాళ్ల కూడు. తెలియాల్సింది ఒకటే. గుట్టగా పోసిన గుల్లలకు వయసు కట్టొచ్చు, పేరు పెట్టొచ్చు. ఎంత లోతులో, బోర్లా ఉందా వెల్లకిలా ఉందా, మూసుకుని ఉందా విడిపోయి ఉందా అనేవి మాత్రం జేసీబీ తొట్టిలో పడ్డ క్షణంలోనే పోతాయి. ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్న కొలత మొత్తం ఆ మూడు సంగతుల్లోనే ఉంది.

అందుకే తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు చూస్తున్నవాళ్లకు ఒక మాట. మీ పొలంలో బావో గుంటో తవ్వేటప్పుడు గుల్లల పొర కనిపిస్తే, చెయ్యి పెట్టేముందు ఒక ఫోటో తీయండి. పక్కన స్కేలో, చెప్పో, ఏదో ఒకటి కొలతకు పెట్టండి. నేల పై నుంచి ఎంత లోతో టేపుతో కొలిచి రాసుకోండి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి. పొర కింద ఏ మట్టి, పైన ఏ మట్టి అనేది ఒక ముక్క రాయండి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జియాలజీ విభాగం ఉంది, వాళ్లకు చూపించండి. పది నిమిషాల పని. పని ఆపాల్సిన అవసరం కూడా లేదు.

శ్రీహరికోట రోడ్డు మీద ఫ్లెమింగోల కోసం ఆగినప్పుడు ఒడ్డున గుల్లలు కనిపిస్తాయి. ఒకటి తీసి చూడండి. అంచు అరిగిందా? లోపల బొక్కలున్నాయా? ఎంత దూరం దొర్లి వచ్చుంటుంది? చూసి, ఉన్నచోటే పెట్టేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో స్వర్ణముఖి ఇసుక గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్తే.